రాజమండ్రి జాడీ

“క్యాబేజీని కుళ్ళబెట్టి ఊరగాయంటారా వీళ్ళు?” పద్మిని చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

మ్యూజియం ముందు వేసిన టెంటు కింద, పోటీకొచ్చిన ఊరగాయలన్నీ బల్లమీద బారుగా పెట్టి ఉన్నాయి. అక్టోబరు చలిలో మోకాళ్ళు కనబడే తోలు లాగులు తొడుక్కుని, టోపీలకి ఈకలు గుచ్చుకుని, బానపొట్టల మగాళ్ళు బూరాలు ఊదుతున్నారు. వీళ్ళ ముత్తాతలు జర్మనీ నుంచి విస్కాన్సిన్ వచ్చి నూటయాభై ఏళ్ళయిందట. ఒక్కడికీ జర్మన్ ముక్క రాదు. ఏడాదికోసారి ఈ పగటివేషం మాత్రం తప్పదు. షామ్‌బర్గ్ తెలుగు సంఘానికి సాంస్కృతిక కార్యదర్శిగా వెలిగిన పద్మినికి వీళ్ళని చూస్తే జాలి కూడా కలగలేదు. సొంత మనవరాలు ఇషా తనతో ఇంగ్లీషు తప్ప మాట్లాడదన్న సంగతి మాత్రం ఆవిడకి ఆ సమయంలో గుర్తు రాలేదు.

“ఇంకా మించిపోలేదు అత్తయ్యా, మన జాడీ వెనక్కి తీసేసుకుందాం” అని కోడలు గీతాంజలి చెవిలో బతిమాలింది. “ఆ ఆవకాయ మనం పెట్టింది కాదు. జాడీ కూడా ఆవిడకి తిరిగిచ్చెయ్యాలి.”

“ఇద్దువుగానిలే. ఆ రాజమండ్రావిడ ఇక్కడికొచ్చి చూస్తుందా ఏమిటి?”

గీతాంజలి దిక్కులు చూసింది.

గీతాంజలి కాపురం ఆ ఊళ్ళోనే. ఏటా ఎవరో పెద్దావిడ ఆవకాయ పెట్టి ఆమెకి ఇస్తుంది. ఎవరే ఆవిడ అని అత్తగారు అడిగితే, రాజమండ్రిలో పెరిగినావిడ అని మాత్రం చెప్పింది. మిగతాదంతా పద్మినే అల్లుకుంది. ఆవిడకో శాఖ, ఓ గోత్రం, తడిబట్టతో మడి. ఎవరి చేతి ఊరగాయ పడితే వాళ్ళది ముట్టే మనిషి కాదు పద్మిని. ఈ ఆవకాయ మాత్రం కోడలింటికి వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుని తింటుంది. అలాంటి చెయ్యి పుట్టుకతో రావాలిగాని నేర్చుకుంటే వచ్చేది కాదంటుంది.

చిక్కల్లా అనురాధతో వచ్చింది. సంఘంలో ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. పోయిన దసరా సంబరాల్లో నలుగురి ముందూ, పద్మిని గారికి మైకు పట్టుకోవడమే వచ్చుగాని జాడీ పట్టుకోవడం రాదని అనురాధ అనేసింది. నిజమే కాబట్టి ఆ మాట మరీ గుచ్చుకుంది. అందుకే పద్మిని పనిగట్టుకుని అనురాధని కారెక్కించుకుని పక్క రాష్ట్రం నుంచి ఇంతదూరం తీసుకొచ్చింది. ఇక్కడ గెలిచినవాళ్ళ ఫోటో ఏడాది పొడుగునా మ్యూజియం గోడమీద ఉంటుంది. దాన్ని సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తే అనురాధ నోటికి తాళం పడుతుంది.

రుచి చూసేవాళ్ళు వచ్చేలోగా ముగ్గురూ మ్యూజియం లోపలికి వెళ్ళారు. చెక్క రాట్నం, ఇనప పొయ్యి, క్యాబేజీ ఊరవేసే బూడిదరంగు జాడీలు. ఒక్కో జాడీ మీద ఒక్కో నీలం పువ్వు. ఆ వరసలో ఒకచోట ఖాళీగా ఉంది. మన అటక మీది సామాను దించితే ఇంతకన్నా పెద్ద మ్యూజియం అవుతుందని పద్మిని పెదవి విరిచింది. గోడమీద ఒక ఫోటోలో తెల్లపిల్ల ఓ పాదిరీ పక్కన పడవలో కూర్చునుంది, వెనక కొబ్బరిచెట్లు. మ్యూజియం నడిపే హెల్గా గారి చిన్నప్పటిదని గీతాంజలి ఏదో చెప్పబోయింది.

“ఆ ముసలిదాని చిన్నతనం నాకెందుకే?” అని పద్మిని బయటికి నడిచింది.

రుచి చూసేవాళ్ళు ముగ్గురు. ఊరి మేయరు ఆవకాయ ముక్క కొరికి, గ్లాసెడు బీరు గటగటా తాగేశాడు. రెండో ఆయన కళ్ళు తుడుచుకుంటూనే ఇంకో ముక్క అడిగాడు. మూడో మనిషి హెల్గా. ఎనభై దాటిన ముసలావిడ. జాడీని నీలం పువ్వు కనబడేలా చేత్తో ఒకసారి తిప్పి చూసింది, తర్వాత పద్మినిని చూసింది. ముక్క నోట్లో వేసుకుని టెంక తెల్లబడేదాకా చీకి, వేలు కూడా నాకింది.

“చూడు, ముష్టిదానిలా ఎలా చీకుతోందో. రుచంటే ఎరగని నాలుక” అంది పద్మిని.

గీతాంజలి గట్టిగా దగ్గింది.

ఎలా పెట్టారని హెల్గా ఇంగ్లీషులో అడిగింది. పద్మిని తడుముకోలేదు. ఆవాలు దోరగా వేయించి పొడికొట్టి, అమ్మమ్మ నేర్పినట్టే తన చేత్తో కలిపానని చెప్పింది. వేయించారా, అని ముసలావిడ మళ్ళీ అడిగింది. అవునంది పద్మిని. పక్కనున్న అనురాధ కనుబొమలు ముడిపడ్డాయి.

“ఆవకాయకి ఆవాలు వేయించడమేమిటండీ?”

“వీళ్ళకి అసలు పద్ధతి చెప్పేస్తామా?” అని పద్మిని చక్కగా సర్దేసుకుంది.

ఈ ఒక్క జాడీకి తాను మార్కులు వెయ్యనని హెల్గా తప్పుకుంది. ఓర్వలేనితనం, జాతి బుద్ధి ఎక్కడికి పోతుంది, అనుకుంది పద్మిని. మిగతా ఇద్దరూ వేసిన మార్కులే సరిపోయాయి. మొదటి బహుమతి నీలం రిబ్బను ఆవిడ భుజానికెక్కింది.

సొమ్మొకడిది సోకొకడిదని ఊరికే అనలేదు. పద్మిని రిబ్బను కనబడేలా కొంగు సర్దుకుని, జాడీని గుండెలకి హత్తుకుని నిలబడింది. ఫోటో తియ్యమని ఫోను అనురాధ చేతికే ఇచ్చింది. మ్యూజియం తరఫున హెల్గా వచ్చి పక్కన నిలబడింది. ఈ తోలు లాగుల గుంపు మధ్య గోడమీద ఏడాదంతా తన మొహమే ఉంటుందన్న ఊహకి పద్మినికి నవ్వాగలేదు.

ముసలావిడ కెమెరా వైపే చూస్తూ, అనురాధకి కూడా వినబడేట్టు నింపాదిగా అంది. ఈసారి ఇంగ్లీషులో కాదు.

“రిబ్బను మీరే ఉంచుకోండమ్మా, నా జాడీ నాకిచ్చేయండి.”