పెద్దింట్లమ్మ బరువు

"కాస్త లేవండి పిన్నిగారూ! ఒళ్లంతా నామీదే పడేస్తారేంటి?"

రమ్యశ్రీకి చిర్రెత్తుకొచ్చింది.

రాజమండ్రిలో నర్సు సహాయకుల శిక్షణ అది. బ్యాచ్‌లో ఆమే ఫస్టు, పుస్తకమంతా కంఠతా వచ్చు. సర్టిఫికెట్ ఒక్కటి చేతికొస్తే వృద్ధుల కేంద్రంలో ఉద్యోగం ఖాయం. ఇన్నాళ్లూ పనిచేసిన భీమవరం రొయ్యల షెడ్డులో ఐసునీళ్లకి ఇక శాశ్వతంగా సెలవు.

జోడీగా దొరికింది మాత్రం అరవైకి దగ్గరపడ్డ పెద్దింట్లమ్మ!

ఒకరు పేషెంటుగా పడుకుంటే, రెండోవాళ్లు లేపి కుర్చీలో కూర్చోబెట్టాలి. మిగతా అమ్మాయిలు పడుకున్నప్పుడు గుట్టుగా కాలు ఊని సాయం చేసేవారు. ఈవిడ బియ్యం బస్తాలా వాలిపోయేది.

"పక్షవాతం వచ్చినోడు నీకు సాయం చేత్తాడేంటమ్మా? మోకాళ్లు వంచు. ఇంకా దగ్గరికి రా."

"నాకు చెబుతారా! ముందు మీ పేరు రాయడం నేర్చుకోండి."

పెద్దింట్లమ్మ నవ్వి, మళ్లీ మంచం మీద వాలింది.

మర్నాడే రమ్యశ్రీ పట్టుబట్టి జోడీ మార్పించుకుంది. ఈసారి సన్నగా రివటలా ఉండే ఉమాశ్రీ. పెద్దింట్లమ్మకి, ఎలాగూ పాసవదని అందరూ వదిలేసిన లక్ష్మీదుర్గ మిగిలింది.

పరీక్ష రోజు రానే వచ్చింది. శిక్షణ ఇచ్చి పరీక్ష పెట్టే సత్యవాణి గారు నిజం పేషెంటునే తీసుకొచ్చారు. ఆయన సూర్యప్రకాశం మాస్టారు. కుడి పక్క పడిపోయింది, మనిషి భారీ.

రమ్యశ్రీ ధీమాగా ముందుకొచ్చింది. చేతులు కడుక్కుంది. నమస్కారం పెట్టింది. కుర్చీకి బ్రేకు వేసింది. అంతవరకూ ఒక్క తప్పు లేదు.

లేపబోయింది. ఆయన కదలలేదు. రెండోసారి గట్టిగా లాగేసరికి పక్కకి ఒరిగిపోయారు. సత్యవాణి గారు చప్పున పట్టుకోబట్టి సరిపోయింది.

"మూడు నెలలాగి మళ్లీ రామ్మా."

అందరికంటే చివర లక్ష్మీదుర్గ వచ్చింది. మోకాళ్లు వంచింది, ఆయన్ని దగ్గరికి తీసుకుంది, ఇట్టే కూర్చోబెట్టేసింది.

"ఎంత హాయిగా లేపావమ్మా!" అన్నారు మాస్టారు.

రమ్యశ్రీకి ఏడుపు తన్నుకొచ్చింది.

"అందర్నీ పిలిచారు, పెద్దింట్లమ్మ గారిని పిలవరేంటండీ?" అంది ఉక్రోషంగా.

సత్యవాణి గారు ఆశ్చర్యంగా చూశారు.

"ఆవిడకి నేను పరీక్ష పెట్టడమా? ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో ఆయాగా చేసింది. పేషెంటుని లేపడం నాకు నేర్పిందే ఆవిడ. చదువు రాదు, సర్టిఫికెట్ లేదు, టీచరుగా పెట్టుకోవడానికి రూల్స్ ఒప్పుకోవు. అందుకే ప్రతి బ్యాచ్‌లోనూ ఆవిణ్ణి మీ పక్కన స్టూడెంటుగా కూర్చోబెడుతున్నామమ్మా."