గాలి ఎటునుంచి?

"మీట మీంచి వేలు తీసేశాక కూడా రంపం గొలుసు తిరుగుతూనే ఉంది పిన్నీ! ఇదిగో, చూడు!"

కత్సుయా మోటారు రంపాన్ని దబ్బున బల్లమీద పెట్టాడు. బల్ల చివరనున్న పింగాణీ గిన్నె మూత గలగలమంది. అతను ఎడమకాలు ముందుకు చాపాడు. రక్షణ ప్యాంటు మోకాలిపైన జానెడు పొడవున చిరిగి, లోపలి తెల్లదారాలు వేలాడుతున్నాయి. ఇంకొక్క పొర తెగితే కాలే.

రిపేరు కొట్టు నడిపే తొకియే ఆ చిరుగుని చూసింది.

"నెల కిందట ఇంజనులోకి గాలి చొరబడకుండా రబ్బరు సీల్ వేసింది నువ్వే. అంతకుముందు వేసిందీ నువ్వే. రేపు మన కొండపనివాళ్ళ సంఘంలో చెప్పేస్తాను, ఈ కొట్టుకి ఎవరూ రంపాలు ఇవ్వొద్దని."

పొయ్యి దగ్గర టీ తాగుతున్న ముసలి గెంజో తల ఊపాడు. "ఈ చలికాలంలో ఇలా వచ్చిన రంపం ఇది నాలుగోది. నీ చెయ్యి మొద్దుబారిందేమో తొకియే."

"నీ టీ చల్లారిపోతోంది బాబాయ్, ముందది తాగు." ఆమె కత్సుయా వైపు తిరిగింది. "నా తప్పని తేలితే సంఘం దాకా ఎందుకు? బయట బోర్డు నేనే దించేస్తాను. కూర్చో."

ఆమె సైలెన్సర్, కార్బొరేటర్ విప్పి, ఆ రెండు దారులూ రబ్బరు ముక్కలతో మూసేసింది. చేతిపంపు గొట్టం తగిలించి లోపలికి గాలి కొట్టింది. పంపు మీటరులో ముల్లు పైకి లేచి నిలబడింది. కదల్లేదు.

"ఎక్కడా కారడం లేదుగా!" అన్నాడు గెంజో.

"గాలి లోపలినుంచి నెడితే సీల్ పెదవి ఇరుసుకి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. లాగి చూడాలి."

పంపు మీట తిప్పి, ఈసారి లోపలి గాలిని బయటికి లాగింది. ముల్లు ఒక్క క్షణం ఆగి, మెల్లగా జారడం మొదలుపెట్టింది.

కత్సుయా లేచి నిలబడ్డాడు. "చూశావా! లీకు ఉంది!"

"ఉంది. ఆ సందులోంచి గాలి చొరబడితే వేలు తీసినా ఇంజను జోరు తగ్గదు. ఎటునుంచో తేలనీ."

ఇరుసు రెండు చివరలా మూతలు విప్పి, ఇంజను చక్రంవైపు సీల్ మీద ఒక నూనె చుక్క వేసి, మళ్ళీ లాగింది. చుక్క అలాగే నిలిచింది. క్లచ్ వైపు ఇంకో చుక్క వేసింది. ముగ్గురూ వంగి చూస్తుండగా, ఆ చుక్క సన్నగా సాగి, గుటుక్కున లోపలికి పోయింది.

గెంజో టీ తాగడం మానేశాడు.

తొకియే ఆ సీల్ ఊడదీసింది. నెల కిందటే వేసిన రబ్బరు పెదవి గరుకుగా అరిగిపోయి ఉంది. అది ఆనుకునే చోట ఇరుసు చుట్టూ తుప్పు గీత. ఆ మూలలో తెల్లటి పలుకులు రెండు మూడు. ఒకదాన్ని వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పు!"

"ఉప్పేంటి? ఇక్కడికి సముద్రం రోజంతా ప్రయాణం కదా!"

"రంపం ఎక్కడ పెడుతున్నావు?"

"మా వెనక కొట్లో..." కత్సుయా గొంతు తగ్గింది. "ముల్లంగి ఊరేసిన పీపాల పక్కన."

"ఊరగాయ పక్కన పడుకోబెడితే ఇనుమూ ఊరుతుంది నాయనా!" అన్నాడు గెంజో, వెంటనే తొకియే పక్షం చేరిపోయి.

కత్సుయా చెవులు ఎర్రబడ్డాయి. టోపీ తీసి, నడుం విరిగేలా వంగాడు. "నోరు జారాను పిన్నీ. ఆ పీపాలు ఇవాళే మార్పిస్తాను."

"మాట తరవాత, ముందు కాలు చూసుకో," అంది తొకియే. గొంతులో మళ్ళీ పాత బింకం వచ్చింది. ఇరుసుని సన్న గరుకు కాగితంతో నునుపు చేసి, కొత్త సీల్ దించి, మళ్ళీ గాలి లాగింది. ముల్లు రాయిలా నిలబడింది. క్లచ్ బిగించి మూత చేతికి తీసుకుంది.

మూత పెట్టే ముందు, ఎప్పటిలాగే, కత్సుయా తల వంచాడు. గెంజో కూడా కప్పు పక్కన పెట్టి చేతులు జోడించాడు. కొండెక్కే పనిముట్టు ఏదీ ఈ కొట్టులోంచి శుద్ధి కాకుండా పోదు. పదునుకొచ్చినా, రిపేరుకొచ్చినా అంతే. పోయిన ఆకురాలు కాలంలో తూర్పు కొండమీద మనిషి పోయినప్పటి నుంచి, శుద్ధి లోపలికి కూడా తగలాలని, మూత బిగించకముందే ఆ పని కానిస్తోంది తొకియే.

ఆమె పింగాణీ గిన్నెలోంచి చిటికెడు ఉప్పు తీసి క్లచ్ మీద చల్లబోయింది. చూపు బల్లమీదున్న అరిగిన సీల్ మీద పడింది, చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.