కత్తిరించిన పేరు

"నా పేరు ఎందుకు కత్తిరించినవమ్మా?"

అమ్మ ఫోటో పెద్ద ప్రింటు తీసుకుపోదామని వచ్చిన శ్రీలలిత గుమ్మంలోనే ఆగిపోయింది. రెజిమెంటల్ బజార్‌లో ముప్పై ఏళ్లుగా స్టూడియో నడుపుతున్న ఆర్థర్ ఆమె ముఖానికి ఎదురుగా తన ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. రమ్మనడం లేదు, కూర్చోమనడం లేదు.

ఫోన్‌లో ఉన్నది శ్రీలలిత తల్లి ఝాన్సీలక్ష్మి. క్యాన్సర్ వైద్యం పూర్తయ్యాక ఇక్కడే తీయించుకున్న ఫోటో. తల మీద ఆవాలు చల్లినట్టు ఇప్పుడిప్పుడే మొలుస్తున్న జుట్టు, పక్క వీధికి వినపడుతుందేమో అనిపించే నవ్వు. శ్రీలలిత దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టిన వారానికే నలభై వేలమంది షేర్ చేశారు. చూసి ఏడ్చినవాళ్లున్నారు, తమ అమ్మలకు చూపించినవాళ్లున్నారు. ఎవరు తీశారండీ ఈ ఫోటో అని అడిగినవాళ్లయితే లెక్కే లేదు. వాళ్లలో ఒక్కరికీ జవాబు దొరకలేదు.

"కత్తిరించడమేంటి అంకుల్?"

"కింద మూలకు 'ఆర్థర్ స్టూడియో' అని ఉండె. ఏడబోయింది?"

"ఓ, అదా! అమ్మ ముఖం పెద్దగా కనపడాలని కొంచెం క్రాప్ చేశా. అంతే."

"అంతే అంటవేందమ్మా! నా కడుపు మీద కొట్టినవ్, అంతే అంటవేంది?"

కంప్యూటర్ ముందు కూర్చుని పాస్‌పోర్టు ఫోటోలు సరిచేస్తున్న ఆర్థర్ భార్య దేవకృప మెల్లగా తలెత్తింది. "ఏమండీ, ఇక పోనివ్వండి."

"నువ్వు జెర చుప్ ఉండు" అన్నాడు ఆర్థర్, అటు చూడకుండానే.

శ్రీలలితకూ రోషం వచ్చింది. ఫోటోకి డబ్బులు ఆ రోజే చెల్లించింది. ఇంకా ఈ నిలదీయడమేమిటి?

"మీ పేరు కనపడితే అడ్వర్టైజ్‌మెంట్‌లా ఉంటుంది అంకుల్. జాకెట్టు కుట్టినవాళ్ల పేరు వీపు మీద రాసుకుని తిరుగుతామా?"

"తిరగొద్దు. మంచిగుంది, ఎక్కడ కుట్టించినవ్ అని నలుగురు అడిగితే చెప్తవా, లేదా? నిన్ను నలుగురు గాదు, వందలమంది అడిగిన్రు. ఒక్కరికన్న చెప్పినవా? పైసలిచ్చి ఫోటో కొనుక్కున్నవ్, సరే. తీసిన చేతిని సుత కొనుక్కున్నవా?"

ఆ మాట సూటిగా తగిలింది. తగలదా మరి! అందరం చేసే పనే ఇది. ప్రొఫైల్ ఫోటో మారుస్తాం, ఎంత బాగున్నావో అని వచ్చిన పొగడ్తలన్నీ మనమే మూటగట్టుకుంటాం. కెమెరా వెనక ఒక మనిషి ఒంగి నిలబడి ఉంటారన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఆర్థర్ గోడకు అంటించిన కాగితం మీద వేలు పెట్టాడు.

"మా ఫోటోగ్రాఫర్ల సంఘం ఎగ్జిబిషన్. ఈ ఏడు మంచి పోర్ట్రెయిట్ తీసినోల్లకు సన్మానం. ఫోటోలు తీసుకునుడు ఇయ్యాల అయిదింటికి బంద్. ఎవరు తీసిన్రో ఫేస్‌బుక్‌ల పెట్టిన కాడనే రాసి ఉండాలె, లేకుంటే తీసుకోరు. ఫోన్లొచ్చినంక ఈ దుకాణంల పాస్‌పోర్టు ఫోటోలు తప్ప ఏం మిగిలిందమ్మా? ఇన్నేండ్లకు ఒక్క ఫోటో నలుగురి నోళ్లల్ల నానింది. దాన్ని సుత నాకు కాకుండ చేసినవ్." కాగితం మీంచి వేలు తీసి ఆమె వైపు తిరిగాడు. "మీ పెండ్లి ఫోటోలు తీసిన. మీ ఇంటి మనిషి లెక్క ఉన్న. పరాయోల్లు చేస్తే ఇంత బాధ కాకపోవు. నమ్మినోల్లే దగా చేస్తే ఎవరితోని చెప్పుకోవాలె?"

దేవకృప కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ చటుక్కున కంప్యూటర్ వైపు తిరిగిపోయింది. మొగుడి బాధ చూడలేక ఏడుస్తోంది కాబోలు అనుకుని శ్రీలలిత సిగ్గుతో చచ్చిపోయింది.

"తప్పయిపోయింది అంకుల్. నిజంగా నాకు తోచలేదు."

అక్కడే నిలబడి పోస్టు తెరిచింది. 'ఫోటో తీసింది ఆర్థర్ గారు, ఆర్థర్ స్టూడియో, రెజిమెంటల్ బజార్, సికింద్రాబాద్' అని రాసి, గట్టిగా చదివి వినిపించింది. టైము నాలుగున్నర. ఆర్థర్ ఆ పోస్టును తన ఫోన్‌లో రెండుసార్లు చూసుకుని, అప్పటికప్పుడు సంఘానికి పంపించేశాడు. ముఖంలో వెలుగొచ్చింది. రమ్మనని మనిషి కాస్తా ఇప్పుడు కుర్చీ తుడిచి మరీ కూర్చోమన్నాడు.

"చూసినవా?" అన్నాడు భార్యతో. "పని చేసినోల్లు నోరు తెరిచి అడగాలె. నోరు మూసుకొని కూసుంటే లోకం తొక్కుకుంట పోతది."

దేవకృప కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు. "అవునండీ" అంది.

"ఉండండి అంకుల్, మా అమ్మ చేతే మీకు థాంక్స్ చెప్పిస్తాను" అంటూ శ్రీలలిత ఫోన్ కలిపింది. చేసిన పొరపాటు ఇంకాస్త గట్టిగా దిద్దుకోవాలని ఆమె ఆరాటం.

"అయ్యో వద్దమ్మా, పెద్దామెకు తక్లీఫ్ ఎందుకు!" ఆర్థర్ రెండడుగులు ముందుకేశాడు. "బాగయినంక నేనే ఇంటికొచ్చి కలుస్త. కట్ చెయ్యి, కట్ చెయ్యి."

అప్పటికే స్పీకర్ ఆన్ అయింది.

"అమ్మా, నీ ఫోటో కింద తీసినవాళ్ల పేరు పెట్టాను. ఆర్థర్ గారని."

"ఆర్థర్ గారేంటే నీ మొహం!" ఝాన్సీలక్ష్మి గొంతు స్టూడియో అంతా మోగింది. "మగవాళ్లుంటే నెత్తి మీద గుడ్డ తియ్యనని నేను మొండికేస్తే, ఆయన టీ తాగొస్తానని బయటికి వెళ్లిపోయారు. నన్ను నవ్వించి ఆ ఫోటో తీసింది దేవకృప!"