పంపు మింగిన సగం

“బావా, నా మాట విను. అమ్మ పక్కనున్న పంపులో లెక్క తప్పు. మందు తక్కువ పోతోంది.”

ఆసుపత్రి వరండాలో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆ పిల్ల ఫోనులో బతిమాలుతోంది. గాజు తలుపు అవతల తల్లి. పొద్దున్నే కడుపు కోసి కుట్టారు. నొప్పి తెలియకుండా బొట్టు బొట్టుగా మత్తుమందెక్కించే పంపు ఆవిడ తలాపున ఉంది. ఆ పంపులు చేసే కంపెనీలోనే అక్కమొగుడు ఇంజనీరు.

“తప్పెవరిదే?”

“నాదే బావా.”

నిజమే. లెక్కల సూత్రం ఇస్తే చాలు, మెషీన్లు నడిచే కోడ్‌గా మార్చిపెట్టే సాఫ్ట్‌వేర్ రాసింది ఆ పిల్లే. పైసా అడక్కుండా, వీధి కొళాయిలా, లోకానికి వదిలేసింది. బావ వాళ్ళూ అదే పట్టుకెళ్ళి పంపులో వాడారు. ఇందాకే ముక్కూ మొహం తెలియనివాడెవడో రాశాడు, సూత్రంలో ‘ఒకటి బై రెండు’ ఉంటే నీ కోడ్ సున్నా తేలుస్తోందని. చూసుకుంటే అక్షరాలా అంతే. ఆ కోడ్‌కి పూర్తి అంకెలే అంకెలు. అర అంటే అసలు లేనట్టే. మందులో కలవాల్సిన ఆ సగం భాగం కలవడమే లేదు.

“సరిచేశాను. ఇక్కడి పంపుకి నెట్‌లోంచి ఇప్పుడే ఎక్కించు.”

“పరీక్షించకుండానా? నా ఉద్యోగం ఊడుతుందే తల్లీ.”

“ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుంది. అమ్మ పోతే ఇంకో అమ్మని తెస్తావా?”



“మీ అక్కాచెల్లెళ్ళతో వాదించి గెలిచిన మగాడు ఇంకా పుట్టలేదు. ఉండు.” టకటక చప్పుడు. “ఎక్కింది.”

లోపల పంపు ఒకసారి కూసింది. అప్పటిదాకా కలవరిస్తూ తల అటూ ఇటూ తిప్పుతున్న తల్లి, కాసేపటికి నిమ్మళించింది. నుదుటి ముడతలు కూడా విడిపోయాయి. పిల్ల గుండెల మీంచి బండ దిగింది.

“హాయిగా పడుకుంది బావా. నీ రుణం ఉంచుకోనులే.”

నర్సమ్మ తలుపు తోసుకుని వెళ్ళింది. నాడి పట్టుకుంది. కనురెప్ప ఎత్తి చూసింది. తల్లి మొహంలో నెత్తురుచుక్క లేదు. పంపు ఆపేసి గోడ మీది ఎర్ర బెల్లు నొక్కింది.

“ఎవరు ముట్టుకున్నారు దీన్ని?”

“ముట్టుకోలేదు సిస్టర్. మందు తక్కువ పోతోందని లెక్క బాగుచేయించాం.”

నర్సమ్మ రెండు చేతులూ తల్లి రొమ్ము మీద ఆనించి నొక్కుతూనే అంది.

“తక్కువ పోతుందని మాకు తెలుసమ్మా, అందుకే ఈ పంపుల్లో మేమెప్పుడూ రెట్టింపు పెడతాం.”