లాటిన్ పాటలు

"లాటిన్ పాటలంటే ఆర్‌సీఎమ్ వాళ్ల చర్చిల పూజకు పాడేటివే గదనే?" చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అడిగింది మేబెల్ నాయనమ్మ.

కావు, జంటలు చేతులు పట్టుకుని ఆడే పాటలు అని మనవరాలు ప్రిసిల్లా చెప్పాలి. కానీ టీవీలో పాట మొదలవగానే కట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయే మనిషి, ఆ మాట వింటే గడప దాటనిస్తుందా?

"అవే" అంది మెల్లగా.

అల్వాల్ చర్చిలో డోలక్ మీద మొదలైన చేతులు ప్రిసిల్లావి. మూడేళ్ల కిందట డేవిడ్ రాజు నడిపే లాటిన్ పాటల బ్యాండులో కాంగా అనే పొడుగాటి డోలు ముందు నిలబడినప్పటి నుంచి ఆమె పాదాలు నేలకు ఆనడం లేదు. బస్సు కిటికీ మీద వాన పడుతుంటే వేళ్లు వాటంతటవే కదిలేవి. నిద్రలో చెరువు అడుగు నుంచి ఎవరో వాయిస్తున్నట్టు వినిపించేది. నిన్న డేవిడ్ రాజు, "నా భుజం ఇంక లేవదమ్మా. రేపటి ప్రోగ్రాం నుంచి బ్యాండు నువ్వే నడుపు" అన్నాడు. ఇన్నాళ్లూ చర్చి ప్రాక్టీసని చెప్పి వెళ్లింది, ఇప్పుడిక ఇంట్లో ఒక్కరు "పో" అనాలి.

"కూసొని పాడుతరా, నిలబడా?"

"నిలబడే."

"మోకాళ్లు వంచుతరా?"

"మస్తు వంచుతరు." నవ్వు ఆపుకోవడానికి ప్రిసిల్లా చున్నీ కొస కొరికింది.

"అందరి ముంగట ఉండేదెవరు?"

"నేనే, నాయనమ్మా." ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఎవరో వేరే అమ్మాయి అన్నట్టు వినిపించింది.

నాయనమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "నువ్వు ఆపితే అందరు ఆగుతరా?"

"ఆగాలె."

"ఆగకపోతే?"

రాత్రంతా ఆమెను తినేసిన ప్రశ్న అదే. బ్యాండులో ట్రంపెట్ ఊదే జెఫ్రీకి నలభై ఏళ్లు. ఇరవై రెండేళ్ల పిల్ల ఆపితే ఆగుతాడా?

"తెల్వది" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పిచ్చిదానా, గిదానికే పరేషానా? ఆపనీకె చెయ్యి ఎత్తకు. ఎత్తితే బతిలాడినట్టుంటది. కొట్టాల్సిన ఒక్క దెబ్బ కొట్టకుండ మింగెయ్, ఆగనోని కండ్లల్లకు చూడు. గుండె ఆగినట్టు ఆగుతడు. పో, మంచిగ వాయించు."

ప్రిసిల్లా నోరు తెరిచింది. "నీకెట్ల తెలుసు?"

నాయనమ్మ వేళ్లు చిక్కుడుకాయల చాట మీద దరువు వేశాయి.

"పెండ్లి గాకముందు రైల్వే క్లబ్బుల జంటలు ఆడేటి రంబా బ్యాండు నేనే నడిపిన."