మూడో కన్నం

"ఆ లేసు ముట్టుకున్నదెవరు?"

మైకు మాస్టారి అరుపుకి ఆటల మ్యూజియంలో అద్దాలు కూడా సర్దుకుని నిలబడ్డాయి.

ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. మైకు లేకుండానే మైలు దూరం వినిపించే గొంతు. ఆరేళ్లుగా ఇక్కడ ఉచిత సేవ. జీతం లేకపోయినా బెత్తం మాత్రం మానలేదు.

మర్నాడే ఛాంపియన్ వస్తున్నాడు. యాభై ఏళ్ల కిందట పెద్ద పరుగు గెలిచిన బూట్లు, ఆయన పంపినవే, మధ్య గదిలో అద్దాల పెట్టెలో ఉన్నాయి. లేసు విషయంలో మాస్టారు లేశమైనా రాజీ పడే రకం కాదు.

"నేనేనండీ," అన్నాడు కొత్తాయన.

డెబ్భై ఏళ్ల మనిషి. చేరి మూడు వారాలే అయింది కాబట్టి కొత్తాయన. అద్దాల పెట్టెలు లోపలా బయటా తుడవడం ఆయన పని.

"పొద్దున్నే ఆ పాత ముడి విప్పి, లేసు వరసగా ఎక్కించాను కదా! మూడో కన్నం మళ్లీ ఎందుకు వదిలేశారు?"

"అది వదిలెయ్యాలండీ. వచ్చిన వస్తువు వచ్చినట్టే ఉంచాలని మీరే కదా చెప్పారు."

"ఛాంపియన్ చూస్తే ఏమనుకుంటాడు? నా పరువుకే కన్నం వేస్తారా? మీరు సేవకొచ్చారా, రంధ్రాన్వేషణకొచ్చారా?"

చూడవచ్చినవాళ్లు పకపకా నవ్వారు. ఒక నవ్వు వినబడితే మాస్టారి నోట్లో ఇంకో మాట మొలుస్తుంది.

"అసలు మీకెలా తెలుసట? ఆ రోజు ఆయన కాళ్ల దగ్గర కూచుని మీరుగానీ కట్టారా?"

మళ్లీ నవ్వులు.

కొత్తాయన చేతిలో గుడ్డ నాలుగు మడతలు పెట్టాడు.

"రేపట్నించి రానక్కర్లేదు లెండి," అన్నాడు మాస్టారు.

"రేపొక్కరోజు రానివ్వండి మాస్టారూ. ఓ మూల నిలబడి చూసి పోతాను."

"రేపు మూలలు కూడా ఖాళీ లేవు."

కొత్తాయన వెళ్లిపోయాడు. నేల గీసుకుపోకుండా లోపల అందరూ వేసుకునే మెత్తటి చెప్పులతోనే రోడ్డెక్కాడు. మాస్టారు చూశాడు. గొంతు ఉండీ పిలవలేదు.

లేసు మళ్లీ వరసగా ఎక్కించాడు.

మర్నాడు ఛాంపియన్ వచ్చాడు. పెట్టె ముందు వంగినవాడు ఎంతకీ లేవలేదు.

"లేసు ఎవరు మార్చారు?"

మెచ్చుకోలనుకుని మాస్టారు ఛాతీ విరిచాడు. "నేనేనండీ. మూడో కన్నం వదిలేసి ఉంటే..."

"ఈ బూట్లు నావి కావండీ."

మాస్టారి ఛాతీ ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

"పరుగుకి ముందు నా బూటు అడుగు ఊడిపోయింది. పక్క గీతలో పరిగెత్తాల్సిన కుర్రాడు తన బూట్లు విప్పి నాకు తొడిగాడు. మోకాళ్ల మీద కూచుని తనే లేసు కట్టాడు. 'నాకు జ్వరం, ఎలాగూ పరిగెత్తలేను' అన్నాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. పతకం తీసుకుని దిగేసరికి మనిషి లేడు. ఎంత వెతికినా దొరకలేదు. ఆయన కట్టిన ముడి ఇన్నేళ్లూ విప్పలేదండీ నేను."

"మరి... మూడో కన్నం?" మాస్టారి మాట ఆయనకే వినపడలేదు.

"ఆయన కుడిపాదం మీద ఎముక లేచి ఉండేది. లేసు నొక్కుకోకుండా అక్కడ వదిలేసేవాడట. ఆ కంగారులో నాకూ అలాగే కట్టేశాడు."

మాస్టారు వెనక గదికి పరిగెత్తాడు. రిజిస్టరు తిరగేశాడు. కొత్తాయన పేరు పక్కన చిరునామా గడి ఖాళీ. 'తర్వాత రాద్దాం లెండి' అన్నది తనే.

బెంచీ కింద, నిన్న కొత్తాయన వదిలేసి వెళ్లిన పాత గుడ్డబూట్లు బుద్ధిగా పక్కపక్కనే ఉన్నాయి. కుడిదానికి మూడో కన్నంలో లేసు లేదు.