నీలవ్వ కల్లం

మంత్రిగారు చేసిన పని ఒక్కటి కెమెరాకు చూపించమని ఢిల్లీ టీవీ వాళ్లు అడిగారు. పీఏ హరీశ్‌కు పొద్దున్నుంచీ చెమటలు పడుతున్నాయి. ఆర్మూర్ చుట్టుపక్కల ఎంత తిరిగినా అలాంటిదేదీ దొరకలేదు.

కేంద్ర పరిశ్రమలు, వాణిజ్య శాఖ మంత్రి భూమేశ్వర్ గారిది ఈ ప్రాంతమే. ఎమ్మెల్యేగా మొదలై, ఎంపీ అయి, ఢిల్లీ కుర్చీ దాకా ఎక్కారు. మధ్యలో రెండు పార్టీలు మారారు. హామీ మాత్రం మార్చలేదు. పసుపు పండే చోటే ఫ్యాక్టరీలు వస్తాయి, ఆర్మూర్ పసుపు ఆర్మూర్ పేరుతోనే దేశదేశాలకూ పోతుంది! పన్నెండేళ్లుగా అదే పాట. పసుపు ఎక్కడికీ పోలేదు. ఆయనే జర్మనీ, జపాన్, దుబాయ్ తిరిగొచ్చారు. మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు అంటారు. ఈయన కాలు బాగానే దాటింది.

చివరికి ఎవరో నీలవ్వ కల్లం సంగతి చెప్పారు.

కమ్మర్‌పల్లి రోడ్డు మీద నీలవ్వకు అరెకరం పసుపు చేను ఉంది. పంట లేని రోజుల్లో బీడీలు చుడుతుంది. ఉడకబెట్టిన పసుపును ఊళ్లో వాళ్లంతా మట్టి నేల మీద ఆరబోసుకుంటే, ఆమెకు మాత్రం నల్లరాతి బండలు పరిచిన కల్లం ఉంది. ఇరవై రెండు బండలు. కొమ్ముకు మట్టి అంటదు, చెమ్మ తగలదు. అందుకే మార్కెట్‌లో ఆమె పసుపుకు పేరు.

హరీశ్ కారు దిగీ దిగకముందే అడిగాడు.

"నీలవ్వా, గీ బండలు ఎవలిచ్చిన్రు?"

"ఎవలిస్తరు బిడ్డా? అంత మంత్రి సారు పుణ్యమే."

హరీశ్‌కు ప్రాణం లేచొచ్చింది. ఏ స్కీం కింద ఇచ్చారని కూడా అడగలేదు. తన శాఖలో ఏ స్కీములున్నాయో మంత్రిగారికే తెలియదు, పీఏకేం తెలుస్తుంది?

మధ్యాహ్నానికి నాలుగు కార్లు, రెండు కెమెరాలు వచ్చాయి. మంత్రిగారు బూట్లతోనే కల్లం ఎక్కారు. కొమ్ములు పటపటమన్నాయి. నీలవ్వ పళ్లు బిగబట్టుకుంది. ఇంకో మూడు రోజులు ఎండితే పంట నిజామాబాద్ మార్కెట్‌కు పోతుంది. అది పోతేనే ఏడాదంతా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. పైన చూస్తే మబ్బు పడుతోంది. ఆ బూట్ల కింద నలుగుతున్నది ఒక మనిషి కష్టమని వచ్చిన వాళ్లలో ఒక్కరికీ తోచలేదు.

"చెప్పమ్మా," మంత్రిగారు ఆమె భుజం మీద చెయ్యేశారు. "గీ బండలు ఎవరిచ్చిన్రో టీవీవోళ్లకు చెప్పు."

"మీరిచ్చినయే సారు. ఒక్కటి సుత నేను కొన్నది లేదు."

"అన్నీ ఒక్కసారే ఇచ్చినమా?"

"లేదు సారు. ఓట్లు వచ్చినప్పుడల్లా రెండో మూడో ఇచ్చుకుంటనే ఉన్నరు."

వెనక నిలబడ్డ ఊరివాళ్లలో ఎవరో గట్టిగా దగ్గారు. మంత్రిగారి చెవికి అలాంటివి ఎక్కవు. కెమెరా వైపు తిరిగి నవ్వారు.

"విన్నరా! దీన్నంటరు డెవలప్‌మెంట్ అని. మేం మాటలు చెప్పం. పని చేస్తం."

టీవీ అమ్మాయి ఒంగి బండను తడిమి చూసింది. "ఇది గరుకుగా ఉంది కదమ్మా. నునుపు వైపు పైకి పెట్టుకోలేదేం?"

"నునుపు మీద కొమ్ము జారుతది బిడ్డా. గరుకు మీదనే మంచిగెండుతది."

అంతటితో పోతే బాగుండేది. కానీ పొగడ్త తలకెక్కిన మనిషి ఊరికే పోతాడా? మంత్రిగారికి అక్కడికక్కడే ఒక ఆలోచన పుట్టింది. వచ్చే వారం ఢిల్లీలో పెద్ద వాణిజ్య ప్రదర్శన ఉంది. తన శాఖ స్టాల్‌లో పెట్టడానికి ఇప్పటిదాకా తన ఫొటోలు తప్ప మరేమీ లేవు.

"హరీశ్, ఓ మూడు బండలు తీయించు. ఢిల్లీకి తీస్కపోదం. తెలంగాణ రైతుకు మనమేమిచ్చినమో దేశమంత చూడాలె."

నీలవ్వ ముఖం పాలిపోయింది. "వద్దు సారూ! బండలు కదిలిస్తే నా పంట మన్నుల కలుస్తది. కావాలంటే పసుపు తీస్కపోండ్రి, ఓ సంచి నింపిస్త. బండలు మాత్రం ముట్టకుండ్రి, మీ కాల్మొక్త."

"ఫికర్ చెయ్యకు. గీ మూడు పోతే ఇంకో ఆరు పంపిస్త."

"ఇంకిన్ని నాకెందుకు సారూ! ఉన్నయి చాలు!"

ఆమె కల్లానికి అడ్డంగా కూర్చుంది. ఇద్దరు కానిస్టేబుళ్లు చెరో రెక్కా పట్టుకుని పక్కకు లాగారు. ఎండిన కొమ్ములను పారలతో మట్టిలోకి నెట్టేశారు. పన్నెండు రోజులు ఎండిన పంట రెండు నిమిషాల్లో దుమ్ము పాలైంది. నీలవ్వ ఏడుస్తుంటే మంత్రిగారు అవి ఆనందబాష్పాలని టీవీ అమ్మాయికి వివరించారు.

డ్రైవర్ హన్మాండ్లు గడ్డపార తెచ్చాడు. మొదటి బండ ఎత్తి వెల్లకిలా వేశాడు. దాన్ని చూసి ఒక్క క్షణం ఆగాడు, మంత్రిగారి ముఖం చూశాడు.

"ఆగినవేంది? కానీ!" అన్నారు మంత్రిగారు, బండ వైపు చూడకుండా కెమెరాకే నవ్వుతూ.

రెండోది తిప్పాడు. మూడోదీ తిప్పాడు. గడ్డపార కింద పెట్టి దూరంగా జరిగాడు. రెండు కెమెరాలూ దగ్గరకొచ్చాయి.

మూడు బండల నునుపు వైపునా బంగారు అక్షరాల్లో చెక్కి ఉన్నది ఒకటే, "పసుపు పరిశ్రమల పార్కుకు శ్రీ భూమేశ్వర్ గారి కరకమలములచే శంకుస్థాపన" అని. తేదీలు మాత్రం మూడు.